పెద్దల నిద్ర, గురక: నాందేడ్ నుంచి కొన్ని విశేషాలు

నాందేడ్ ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది కానీ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లానే. దేగలూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు వెళితే నేటికీ తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో కనిపిస్తాయి. ధర్మాబాద్ దాటితే వచ్చేది బాసరే. సరిహద్దుకు ఇవతల ఉన్నా అవతల ఉన్నా ఆ ఇళ్లలో ఒక నమ్మకం మాత్రం ఒకటే. తాత గట్టిగా గురక పెడుతుంటే ఆయన హాయిగా నిద్రపోతున్నాడనుకుంటారు. వయసు మీద పడ్డాక గురక మామూలే అని వదిలేస్తారు. ఈ రెండు మాటలూ సరికావు. గురక అంటే ఇరుకైన దారిలో గాలి పెనుగులాడుతున్న చప్పుడు. ఆ దారిని కొంత వెడల్పు చేసుకునే మార్గాలు చాలావరకు ఇంట్లోనే ఉన్నాయి.

◆ గురక పుట్టేది ముక్కులో కాదు, ఎక్కువగా గొంతులో. నిద్రలోకి జారగానే ఒళ్లంతా వదులైనట్టే అంగిలి వెనకభాగం, కొండనాలుక, నాలుక మొదలు కూడా వదులవుతాయి. ఆ ఇరుకులోంచి ఊపిరి పోయేటప్పుడు, గాలికి తీగ మీది తడిగుడ్డ కొట్టుకున్నట్టు, ఆ మెత్తని కండ కొట్టుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ గొంతు కండరాల బిగువు తగ్గుతుంది, గొంతు చుట్టూ కొవ్వు చేరుతుంది. ఇరవై ఏళ్లప్పుడు లేని గురక అరవైలో రావడానికి కారణం ఇదే.

◆ చప్పుడు కన్నా భయపడాల్సింది చప్పుడు ఆగిపోవడానికి. గట్టిగా వస్తున్న గురక ఒక్కసారిగా ఆగి, కాసేపు నిశ్శబ్దంగా ఉండి, మళ్లీ గుటకలాంటి ఊపిరితో మొదలైతే మధ్యలో గాలి దారి పూర్తిగా మూసుకుపోయిందన్నమాట. దీన్నే డాక్టర్లు స్లీప్ ఆప్నియా అంటారు. పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగినా, బాగా తగ్గి రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా ఒకటిగా లెక్కిస్తారు. అలాంటివి గంటకు అయిదు లోపు ఉంటే పర్వాలేదు. 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. తీవ్రమైనవాళ్లు రెండు నిమిషాలకోసారి ఊపిరి కోసం కొట్టుకుంటున్నారన్నమాట. పొద్దున లేచాక వాళ్లకు అదేమీ గుర్తుండదు. పక్కన పడుకున్నవాళ్లే సాక్షులు.

◆ కృష్ణ ‘సింహాసనం’ (1986), చిరంజీవి ‘గ్యాంగ్ లీడర్’ (1991) సినిమాల పాటలు తెలుగువాళ్లు మరచిపోలేదు. వాటికి బాణీలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 69. ఛాతీ ఇన్ఫెక్షన్‌తో పాటు స్లీప్ ఆప్నియా కూడా ఆయన మరణానికి కారణమని వైద్యులు చెప్పారు. మన దేశంలో ఈ జబ్బు పేరు సామాన్యుల ఇళ్లలో వినబడింది దాదాపు ఆ వార్తతోనే. అంతకుముందు ఎందరు పెద్దలు ‘నిద్రలోనే పోయారు, పుణ్యాత్ములు’ అనిపించుకుని వెళ్లిపోయారో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

◆ టైలరు టేపుతో మెడ కొలిచి చూడండి. టొరంటో నగరంలో మత్తు వైద్యురాలు ఫ్రాన్సెస్ చుంగ్, ఆమె సహచరులు 2008లో ఎనిమిది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. తలుపు వేసినా వినబడేంత గురకా? పగలంతా నీరసమా? ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు మించిందా? మగవారా? ఎత్తుకు తగ్గ బరువు లెక్క (బీఎంఐ) 35 దాటిందా? మూడుకు ‘అవును’ అంటే అనుమానించాలి, అయిదు, అంతకు మించితే పరీక్ష తప్పదు. ఆపరేషన్‌కు ముందు రోగుల్ని వడకట్టడానికి పుట్టిన పట్టిక ఇది. అందుకే మోకాలి చిప్పకో, హెర్నియాకో, ప్రొస్టేట్‌కో ఆపరేషన్ అనుకుంటే, ‘మా నాన్నకు గురక ఎక్కువ’ అని మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. మత్తులో గొంతు మరింత వదులవుతుంది కాబట్టి ఆ ఒక్క మాట వాళ్ల జాగ్రత్తల్నే మార్చేస్తుంది.

◆ వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, పక్కకు తిరిగితే ముందుకే ఉంటుంది. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి వెల్లకిలా ఉన్నప్పుడే ఇబ్బంది రెండింతలు. ఖర్చు లేని వైద్యం పక్కకు తిరిగి పడుకోవడమే. నిద్రలో తెలియకుండా వెల్లకిలా అయిపోతామనేవాళ్లు బనీను వీపు వైపు ఒక జేబు కుట్టించి, అందులో టెన్నిస్ బంతి పెట్టుకోవచ్చు. తిరిగినప్పుడల్లా వీపుకు ఒత్తుకుని మళ్లీ పక్కకు పంపుతుంది. భుజం నొప్పులున్నవాళ్లకు, ఎముకలు బలహీనమైనవాళ్లకు ఇది బాధే. వాళ్లు వీపు వెనక పొడవాటి దిండు ఆనించుకుంటే చాలు.

◆ తల కింద రెండు మూడు దిండ్లు వేస్తే మెడ వంగి గాలి దారి ఇంకా ముడుచుకుంటుంది. దిండ్లు కాదు, మంచమే ఎత్తాలి. తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి మంచాన్ని వాలుగా చేస్తే నడుము నుంచి తల దాకా ఒకే వాలులో ఉంటుంది. బ్రెజిల్ పరిశోధకులు 2017లో మంచం తలవైపు ఏడున్నర డిగ్రీలు ఎత్తి చూస్తే, ఊపిరి ఆగే సార్లు మూడోవంతు దాకా తగ్గాయి. రాత్రి తిన్నది పులిసి గొంతులోకి వచ్చేవాళ్లకూ ఈ వాలు మేలు చేస్తుంది. ఇటుకలు కదలకుండా చూసుకోవాలి, మంచం మరీ ఎత్తైతే దిగేటప్పుడు పడిపోయే ప్రమాదముంది.

◆ బిలోలి, ధర్మాబాద్ తాలూకాలకు ఆనుకుని నిజామాబాద్ ప్రాంతం. అటూ ఇటూ పెద్దవాళ్లలో ‘రాత్రి కాస్త కల్లు పడితేనే నిద్ర పడుతుంది’ అనే మాట వినబడుతుంది. ఏ మత్తయినా నిద్రను తొందరగా తెస్తుంది, నిజమే. అదే మత్తు గొంతు కండరాల్నీ జారవిడుస్తుంది. గురక పెరుగుతుంది, ఊపిరి ఆగే వ్యవధి పొడుగవుతుంది, అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు.

అసలు భయం కల్తీ కల్లుది. డయాజిపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతున్నారని తెలంగాణలో పదేపదే బయటపడింది. 2015లో ఎక్సైజు శాఖ కట్టడి చేయగానే, దానికి అలవాటుపడినవాళ్లు వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో నిజామాబాద్ దవాఖానలకు చేరారు. కాబట్టి ఏళ్ల తరబడి తాగుతున్న తాతను ‘రేపటి నుంచి మానెయ్’ అని ఒక్కసారిగా ఆపించకండి. డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకైతే ఒకటే మాట, నిద్ర కోసం ఏ మత్తూ వద్దు.

◆ నాందేడ్ ఉన్న మరాఠ్వాడా పల్లెల్లో చాలామంది అవ్వలు పొగాకును కాల్చి పొడిచేసి పళ్లకు, చిగుళ్లకు రుద్దుకుంటారు. దాన్ని మిశ్రీ అంటారు. పళ్లు గట్టిపడతాయని, మనసుకు నెమ్మదిగా ఉంటుందని పడుకునే ముందు కూడా రుద్దుతారు. అందులో ఉన్న నికోటిన్ మెదడును మేల్కొలిపే పదార్థం. నోటి క్యాన్సర్ ముప్పు ఎలాగూ ఉంది, నిద్ర చెడటానికీ అదో కారణం. బీడీ, సిగరెట్టు పొగ గొంతు లోపలి పొరను వాచేలా చేసి గురకను ఇంకా పెంచుతుంది. అవ్వను కసురుకుంటే మానదు. ముందు రాత్రి రుద్దుడు ఒకటి మాన్పించగలిగినా గెలుపే.

◆ చాయ్ సంగతి. మనం తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూస్తే గంటకు పైగా నిద్ర తగ్గిందని 2013లో అమెరికాలో తేలింది. ఒక కప్పు చాయ్‌లో అంత ఉండదు. అయినా నిద్ర పలచబడ్డ వయసులో సాయంత్రం నాలుగు తర్వాతి చాయ్ మానుకుని చూడటంలో పోయేదేమీ లేదు.

◆ శంఖం ఊదితే గురక తగ్గుతుందా? జైపూర్ వైద్యులు ఇదే ప్రశ్న పట్టుకుని స్లీప్ ఆప్నియా ఉన్న 30 మందిని తీసుకున్నారు. కొందరి చేత శంఖం ఊదించారు, మిగతావాళ్ల చేత మామూలు దీర్ఘశ్వాసలు చేయించారు. వారానికి అయిదు రోజులు, రోజూ కనీసం పావుగంట, ఆరు నెలల పాటు. శంఖం ఊదినవాళ్లలో పగటి మత్తు మూడోవంతు తగ్గింది, గంటకు నాలుగైదుసార్లు ఊపిరి ఆగడం తగ్గింది. 2025లో వచ్చిన ఈ అధ్యయనం చిన్నది, ఇంకా పెద్దవి జరగాలి. కానీ దారి సరైనదేననడానికి వేరే ఆధారాలూ ఉన్నాయి. ఆస్ట్రేలియా ఆదివాసుల పొడవాటి ఊదుడు వాద్యం డిడ్జెరిడూను స్విట్జర్లాండ్‌లో 25 మంది మీద పరీక్షించారు. నేర్చుకుని నాలుగు నెలలు వాయించినవాళ్లకు పగటి నిద్రమత్తు తగ్గింది. అది 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

బ్రెజిల్‌లో 2009 నాటి పరిశోధనకు వాద్యం కూడా అక్కర్లేకపోయింది. నాలుకను అంగిలికి గట్టిగా ఆనించి వెనక్కి జార్చడం, నాలుక మొత్తాన్నీ పైకి అదిమిపట్టడం, ‘ఆ’ అంటూ అచ్చును పలకడం, బుగ్గల వ్యాయామాలు. మూడు నెలలు రోజూ చేసినవాళ్లకు ఊపిరి ఆగే సార్లు దాదాపు 40 శాతం తగ్గాయి. కుర్చీలో కూర్చుని టీవీ చూస్తూ కూడా చేసుకోవచ్చు. మోకాళ్ల నొప్పితో నడవలేని పెద్దలకు ఇంతకన్నా అనువైన వ్యాయామం నాకు కనబడలేదు. గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా శంఖం ముట్టకూడదు.

◆ మే నెలలో నాందేడ్ ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, కూలర్ లేకుండా రాత్రి గడవదు. పాచి పట్టిన కూలర్ గడ్డిలో బూజు పెరిగి, ఆ గాలికి ముక్కు దిబ్బడేస్తుంది. ముక్కు మూసుకుంటే నోటితో పీల్చాలి, నోటితో పీలిస్తే గురక. వేసవి మొదట్లోనే గడ్డి మార్చి, వారం వారం నీళ్లు పారబోసి తొట్టి కడిగితే సగం బాధ తప్పుతుంది. చలికాలం కప్పుకునే గోధడీలు, మన బొంతలు, ఏళ్లనాటి దూది పరుపులు కంటికి కనబడని పురుగులకు ఇల్లు. వేడినీళ్లలో ఉతకగలిగినవి ఉతకండి, మిగతావి మిట్టమధ్యాహ్నం ఎండలో వేయండి. గోదావరి గట్టు దోమలకు కాయిల్ పొగ కన్నా దోమతెర నయం, ఎందుకంటే ఆ పొగ కూడా ముక్కును రేపుతుంది.

ముక్కు దిబ్బడకు ఉప్పునీటి కడుగు మంచిది. నీళ్లు కాచి చల్లార్చినవే కావాలి, కుళాయి నీళ్లు పనికిరావు. రాత్రిపూట ముక్కులో నెయ్యి, నూనె చుక్కలు వేసుకునే అలవాటు పెద్దవాళ్లకు మంచిది కాదు. నిద్రలో ఆ జిడ్డు ఊపిరితిత్తుల్లోకి దిగి ఒక రకం న్యుమోనియా తేవచ్చు. ఇక నోటికి ప్లాస్టరు అంటించుకుని పడుకునే కొత్త పోకడను మా పాఠకులెవరూ అనుసరించవద్దు. ముక్కు దిబ్బడేసినవాళ్లకు, ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లకు అది ప్రమాదం.

◆ రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం షుగరు వల్లనో, ప్రొస్టేట్ వల్లనో అనే అనుకుంటాం. గురక కూడా కారణం కావచ్చు. గాలి దారి మూసుకున్నప్పుడు ఛాతీలో ఒత్తిడి మారి గుండె సాగుతుంది. ఒంట్లో నీరెక్కువైందనుకుని గుండె ఒక హార్మోనును వదులుతుంది. అది మూత్రపిండాల చేత ఎక్కువ మూత్రం చేయిస్తుంది. గురకకు వైద్యం చేయించాక రాత్రి లేవడం తగ్గినవాళ్లు చాలామంది. మూడు రకాల మందులు వేసినా లొంగని బీపీ వెనక, పొద్దున లేవగానే వచ్చే తలనొప్పి వెనక కూడా దీన్ని వెతకాలి.

◆ ఆడవాళ్లకు గురక రాదనుకోవడం పెద్ద పొరపాటు. ముట్లు ఆగిపోయాక హార్మోన్ల రక్షణ తగ్గి, గురక, స్లీప్ ఆప్నియా రెండూ పెరుగుతాయి. వాళ్లలో చప్పుడు తక్కువగా, నీరసం, నిద్రలేమి, దిగులు ఎక్కువగా ఉండటంతో ‘ఇంటిచాకిరీ అలసట’ అని తేల్చేస్తారు. థైరాయిడ్ మందగించినా గురక వస్తుంది. అమ్మ కొత్తగా గురక పెడుతుంటే ఒకసారి థైరాయిడ్ రక్తపరీక్ష చేయించడం మంచిది.

◆ అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి కొన్ని వందల మందిని పరిశీలించి 2000లో ఒక లెక్క చెప్పారు. బరువు పదోవంతు తగ్గితే ఊపిరి ఆగే సార్లు సుమారు 26 శాతం తగ్గుతాయి. అంటే 80 కిలోల మనిషికి 8 కిలోలు. చీకటి పడకముందే జొన్నరొట్టె, పప్పుకూరతో తేలిగ్గా తినేసే పాత అలవాటుకు తిరిగి వెళ్లడం పడకకూ పొట్టకూ మేలు.

◆ నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారాలో రోజూ తెల్లవారకముందే గోదావరి నుంచి గాగర్ అనే బిందెలో నీళ్లు తెచ్చే ఆచారముంది. ఊరు నిద్రలో ఉండగానే ఎందరో పెద్దలు లేచి ఉంటారు. ముసలితనంలో తొందరగా నిద్ర రావడం, తొందరగా మెలకువ రావడం జబ్బు కాదు. ఒంట్లోని గడియారం కాస్త ముందుకు జరుగుతుంది, గాఢనిద్ర పాలు తగ్గుతుంది. ఎనిమిదింటికి పడుకుని మూడింటికి లేస్తే ఏడు గంటలు నిద్రపోయినట్టే. అరవై అయిదు దాటినవాళ్లకు కావాల్సింది ఏడెనిమిది గంటలే. అది సరిపోదు, ఇంకాస్త పొద్దెక్కాక లేవాలి అనుకునేవాళ్లు సాయంత్రం వెలుతురులో ఆరుబయట కూర్చోవాలి. కళ్లకు తగిలే ఆ వెలుతురు గడియారాన్ని వెనక్కి జరుపుతుంది. కంటిశుక్లం తీయించుకున్నాక నిద్ర బాగుపడిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. మసకబారిన కటకం పోయి వెలుతురు లోపలికి బాగా అందడం దానికి కారణమని వైద్యుల ఆలోచన.

◆ పడుకోవడానికి గంట రెండు గంటల ముందు గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల స్నానమో, కాళ్లు కడుక్కోవడమో చేస్తే నిద్ర తొందరగా పడుతుందని 2019లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు చెప్పారు. చర్మానికి రక్తం చేరి లోపలి వేడి బయటికి పోతుంది, ఒళ్లు చల్లబడటమే నిద్రకు పిలుపు. నీళ్ల వేడి 40 నుంచి 42 డిగ్రీలు చాలు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు వేడి తెలియదు, ఇంట్లో మరొకరు మోచేత్తో చూశాకే కాళ్లు పెట్టనివ్వాలి.

◆ నిద్ర పట్టక పక్క మీద దొర్లుతుంటే మెదడు పక్కను మెలకువకు చోటుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే లేచి, మసక దీపం దగ్గర కూర్చుని, కునుకు వచ్చాకే పక్క ఎక్కాలి. పగటి కునుకు అరగంటకు మించకుండా, మూడింటిలోపే. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఇలాంటి అలవాట్ల చికిత్సే ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఆల్ప్రజోలం జాతి మాత్రలు పెద్దల్లో కింద పడటం, తుంటి విరగడం, మతిమరుపు పెంచుతాయి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే వస్తువులు కావవి. ఇప్పటికే ఏళ్లుగా వాడుతుంటే మాత్రం తామంతట తాము హఠాత్తుగా ఆపకూడదు.

◆ 1993లో స్వీడన్‌లోని ఓరెబ్రో ఆసుపత్రిలో కోరె వాల్కర్ట్ అనే ఆయన గురక 93 డెసిబెల్స్‌గా నమోదై గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆయనకు ఉన్నది స్లీప్ ఆప్నియానే.

◆ ముఖానికి మాస్కు తగిలించి గాలిని మెల్లగా నెట్టే యంత్రం పేరు సీపాప్. సిడ్నీ డాక్టర్ కాలిన్ సలివన్ 1980లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో మొదటిది తయారుచేశారు, మరుసటి ఏడు దాని ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. తీవ్రమైన జబ్బుకు నేటికీ దానిదే మొదటి స్థానం. అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న జో బైడెన్ కూడా దాన్ని వాడుతున్నట్టు 2023లో అధికారులు చెప్పారు. మాస్కు పెట్టుకోవడానికి సిగ్గుపడే పెద్దలకు ఈ మాట చెప్పండి.

◆ నాందేడ్ మీదుగా ముంబయి వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం చేసే పెద్దలు నిద్ర చెడకుండా టికెట్టు తీసుకునేటప్పుడే సీనియర్ కోటా లోయర్ బెర్తు అడగాలి. మగవాళ్లకు 60 ఏళ్లు, ఆడవాళ్లకు 45 నిండితే ఆ కోటా వర్తిస్తుంది. మధ్య బెర్తు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకానే వేయాలన్నది రైల్వే నియమం.

◆ ఇంట్లో పెద్దవాళ్లు గురక పెడుతుంటే ఈ రాత్రి అయిదు నిమిషాలు పక్కన కూర్చుని వినండి, ఫోన్‌లో వీడియో తీయండి. చప్పుడు మధ్యలో ఆగుతోందా, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారా, పగలు కూర్చున్నచోటే కునుకుతున్నారా చూడండి. ఇందులో ఏది కనబడినా ఆ వీడియో పట్టుకుని చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికో, ఛాతీ డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. నాందేడ్‌వాళ్లకు విష్ణుపురిలో శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అటు తెలంగాణవాళ్లకు నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వయసైపోయింది కదా అని మాత్రం వాయిదా వేయకండి.